కువైట్ దాకా పోవాల్సిన మెయిలు: ఐదు ఆదివారాల పని

మే 11, ఆదివారం

మా అన్న కువైట్‌లో ఉంటాడు. కడపలో, ఎర్రముక్కపల్లెలో ఆయన కట్టించిన ఇంట్లో అమ్మ, వదిన, ఇద్దరు పిల్లలు ఉంటారు. నేను రెండు వీధుల అవతల. 2018లో గృహప్రవేశం నాడు పెట్టించిన నాలుగు కెమెరాలు, నాలుగు ఛానళ్ళ డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ దాచే పెట్టె), అందులో 1 టీబీ డిస్కు. కంపెనీ పేరు ఎత్తను. దాని తప్పు కంటే పెట్టినోళ్ళ తప్పు, నా తప్పు ఎక్కువని తేలింది.

అన్నకు కావాల్సింది ఒకటే. రాత్రిపూట గేటు దగ్గర ఎవరన్నా కదిలితే ఫొటోతో సహా మెయిలు రావాల. ఫోన్‌లో యాప్ ఉంది కదా అన్నాను. "యాప్‌లో చూడాలంటే డీవీఆర్ ఇంట్లో ఉండాల కదరా" అన్నాడు. పోయినేడు మా వెనక వీధిలో దొంగలు బీరువా పగలగొట్టి, పోతా పోతా డీవీఆర్‌ను కూడా పీక్కొని పోయినారు. మెయిల్లో వెళ్ళిపోయిన ఫొటోను ఎవడూ ఎత్తుకపోలేడు. మాట సబబే.

మొదట్లో ఈ మెయిళ్ళు వచ్చేవంట. ఎప్పుడు ఆగినాయో ఎవరికీ గుర్తులేదు. ఈమెయిల్ పేజీలో టెస్ట్ బటన్ నొక్కినాను. ఫెయిల్. ఎందుకో చెప్పదు, ఆ ఒక్క ముక్కే.

ఇంట్లో వైఫై మీద ఫోన్‌లో నాలుగు కెమెరాలూ చక్కగా కనిపిస్తాన్నాయి కాబట్టి డీవీఆర్‌కు నెట్ బాగుందనుకున్నాను. మొదటి పొరపాటు అదే. వంటింట్లో నుంచి నడవలోకి పోవడానికి వీధి వాకిలితో పని లేదు. ఇంట్లోని ఫోను, ఇంట్లోని డీవీఆర్ మాట్లాడుకోవడానికి కూడా గేట్‌వేతో, అంటే బయటి నెట్‌లోకి పోయే వాకిలితో, పని లేదు. నెట్‌వర్క్ పేజీ తెరిచి చూస్తే డీవీఆర్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రసు) 192.168.1.50, గేట్‌వే మాత్రం 192.168.0.1. రెండేండ్ల కింద ఫైబర్ పెట్టించినప్పుడు రౌటర్ మారి 192.168.1.1 అయింది. ఆ పొద్దు వచ్చిన పిల్లోడు ఐపీ మార్చి, కెమెరాలు ఫోన్‌లో కనపడతానే చేతులు కడుక్కొని పోయినాడు. గేట్‌వే, డీఎన్‌ఎస్ (సర్వర్ పేరు చెప్తే దాని అడ్రసు వెతికిపెట్టేది) రెండూ పాత రౌటర్‌వే. రెండేండ్లుగా కువైట్ నుంచి యాప్ తెరిస్తే "ఆఫ్‌లైన్" అని వస్తాంటే, మా అన్న అక్కడి నెట్‌ను తిట్టుకుంటా ఉన్నాడు.

గేట్‌వే 192.168.1.1, డీఎన్‌ఎస్ 8.8.8.8, రెండోది 1.1.1.1 పెట్టినాను. రౌటర్ తనంతట తాను పంచే అడ్రసులను 100 నుంచి మొదలుపెట్టమని చెప్పి, 50 జోలికి రాకుండా చేసినాను. వైఫై ఆపి మొబైల్ డేటా మీద యాప్ తెరిస్తే బొమ్మ వచ్చింది. మెయిల్ టెస్ట్ మళ్ళీ ఫెయిల్.

మే 13, మంగళవారం

ఆఫీసు నుంచి వచ్చినాక. ఈసారి డీవీఆర్‌ను పక్కనపెట్టి, అందులో ఉన్న మెయిల్ అడ్రస్, పాస్‌వర్డ్‌తోనే లాప్‌టాప్ నుంచి పది లైన్ల పైథాన్ ప్రోగ్రామ్‌తో మెయిల్ పంపి చూసినాను. డీవీఆర్ మాదిరి మూగది కాదు కదా, జవాబు నంబరుతో సహా చెప్పింది: 535. యూజర్ పేరో పాస్‌వర్డో ఒప్పుకోలేదని అర్థం. 220 అంటే సర్వర్ పలకరించింది, 235 అంటే లాగిన్ అయింది, 250 అంటే సరే. ఈ నాలుగు నంబర్లు తెలిస్తే సగం పని అయినట్టే.

సంగతేందంటే, డీవీఆర్‌లో అన్న మామూలు జీమెయిల్ పాస్‌వర్డే ఉంది. ఇట్లాంటి పాత పెట్టెలు ఉత్త పాస్‌వర్డ్‌తో లాగిన్ కావడాన్ని 2022 మే 30 నుంచి గూగుల్ ఆపేసింది. ఇప్పుడు అకౌంట్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకొని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకొని, దాన్ని డీవీఆర్‌లో ఎక్కించాల. అన్న సొంత అకౌంట్‌ను ఈ పెట్టెలో పెట్టడం నాకు ఇష్టంలేదు. ఆయన బ్యాంకు మెయిళ్ళన్నీ దానికే వస్తాయి. డీవీఆర్ కోసమని ఉత్తగా ఒక కొత్త జీమెయిల్ తెరిచి, వదిన నంబర్‌తో టూ స్టెప్ పెట్టినాను. కువైట్ సిమ్‌కు ఓటీపీ పోతే ప్రతిసారీ ఆయన్ను అడగలేం.

ఎక్కించడం ఇంకో కథ. ఈ డీవీఆర్ వెబ్ పేజీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ప్లగిన్ ఉంటేనే తెరుచుకుంటుంది. ఆ బ్రౌజర్‌కే 2022 జూన్‌లో మంగళం పాడేసినారు. ఎడ్జ్‌లో ఐఈ మోడ్ అని ఒకటుంది, దాంతో కుస్తీ పట్టే ఓపిక లేక టీవీ ముందు చాప వేసుకొని మౌస్‌తో ఒక్కో అక్షరం కొట్టడానికి కూర్చున్నాను. వదిన ఫోన్ చూసి చదువుతాంది.

"బి. బండి బి."

"సరే."

"ఎమ్."

"ఎమ్మా, ఎన్నా వదినా?"

"ఎమ్ అబ్బీ, సంగటి ముద్ద ఎమ్. తర్వాత ఎన్, నక్క ఎన్."

పదహారు అయినాయి. టెస్ట్. ఫెయిల్. టీవీలో చుక్కలే కనపడతాయి కాబట్టి ఏం కొట్టినామో తెలీదు. రెండోసారి గమనిస్తే తెర మీది కీబోర్డ్ మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తాంది. యాప్ పాస్‌వర్డ్ అంతా చిన్న అక్షరాలే. మూడోసారి తప్పు నాదే. గూగుల్ దాన్ని నాలుగేసి అక్షరాలుగా విడగొట్టి చూపిస్తుంది, ఆ ఖాళీలను కూడా కొట్టినాను. ఖాళీలు లేకుండా కొట్టినా పని కాలేదు. అప్పుడు గమనించినాను, ఫెయిల్ అనడానికి నిమిషం పైనే పడతాంది. అంటే గడప దాకా పోయి అక్కడ నిలబడింది.

పోర్టు (సర్వర్‌లోకి పోయే తలుపు నంబరు) 587 ఉంది, పక్కన ఎస్‌ఎస్‌ఎల్ (మాటలకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్) టిక్ పెట్టి ఉంది. ఈ రెంటికీ పొత్తు కుదరదు. 465లో తలుపు మొదటి నుంచే తాళం వేసి ఉంటుంది, అడుగుపెట్టేటప్పుడే ఎన్‌క్రిప్షన్. 587లో ముందు సర్వర్ మామూలుగా పలకరిస్తుంది, ఆ తర్వాత స్టార్ట్‌టీఎల్‌ఎస్ అని అడిగితే తాళం వేసుకుంటారు. 587లో ఎస్‌ఎస్‌ఎల్ అంటే మనం తాళం వేస్తామని నిలబడి ఉంటాం, వాళ్ళు పలకరించి మన జవాబుకు ఎదురుచూస్తా ఉంటారు. 465 చేసి ఎస్‌ఎస్‌ఎల్ అట్లే ఉంచినాను. రాత్రి 9:40కి టెస్ట్ నొక్కితే "సక్సెస్".

మే 18, ఆదివారం

సక్సెస్ అన్నందుకు సంబరపడితే రెండు రోజులకే మొదటికొచ్చింది. అంతకుముందే ఒక చిక్కు. మంగళవారం 9:40కి పంపిన టెస్ట్ మెయిల్ తెరిచి, ఒరిజినల్ చూపించమని హెడర్ (మామూలుగా కనపడని మెయిలు వివరాలు) చూస్తే అందులో టైం సాయంత్రం 7:10. సరిగ్గా రెండున్నర గంటలు వెనక. కువైట్ టైం మనకంటే రెండున్నర గంటలే వెనక! ఇంకేముంది, అన్న అక్కడి నుంచి కొత్త అకౌంట్‌లో లాగిన్ అయినాడు కాబట్టి అకౌంట్ కువైట్ టైం పట్టుకుందని నేనే తీర్పు చెప్పేసుకొని, బుధవారం రాత్రంతా గూగుల్ సెట్టింగులు తవ్వినాను. ఏమీ దొరకలేదు.

గురువారం సందకాడ గాలివాన. కరెంటు మూడు గంటలు లేదు, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది. కరెంటు వచ్చినాక డీవీఆర్ తెరిస్తే తెర మీద 2000 జనవరి 1. మెయిల్ టెస్ట్ ఫెయిల్. ఈసారి కారణం వెంటనే తట్టింది. సర్వర్ చూపించే సర్టిఫికెట్‌కు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువు రాసి ఉంటుంది. 2000లో బతుకుతున్న డీవీఆర్ లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, ఎట్లా నమ్ముతుంది?

ఈ పొద్దు ప్లగ్ పీకి మూత విప్పినాను. ఏడేండ్ల దుమ్ము, ఒక మూల బల్లి గుడ్ల పెంకులు. బోర్డు మీద రూపాయి బిళ్ళ అంత సీఆర్ 2032 బ్యాటరీ. మల్టీమీటర్ పెడితే 1.9 వోల్టులు చూపించింది, 3 ఉండాల. కొత్తది వేసినాను. చెక్క పుల్లతో లేపి తీయాల, స్క్రూడ్రైవర్ పెడితే పట్టీ వంగుతుంది.

బ్యాటరీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఎన్‌టీపీ (నెట్ నుంచి సరైన టైం తెచ్చుకునేది) కూడా ఆన్ చేసినాను. సర్వర్ పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఆర్గ్, పోర్టు 123. అప్డేట్ నొక్కితే మధ్యాహ్నం 12:10 కాస్తా 2:40 అయింది. రెండున్నర గంటలు ముందుకు! మెయిల్లో వెనక్కి, ఇక్కడ ముందుకు. అప్పుడు టైం జోన్ పెట్టె చూసినాను. జీఎమ్‌టీ ప్లస్ 8. చైనా టైం. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, గడియారాన్ని మాత్రం చేత్తో మన టైంకు తిప్పి పెట్టినారు. మనది ప్లస్ 5:30, తేడా రెండున్నర గంటలు. కువైట్ ప్లస్ 3, మనకూ దానికీ తేడా కూడా రెండున్నరే. ఉత్త కాకతాళీయానికి ఒక రాత్రి నిద్ర పోగొట్టుకున్నాను. అన్నకు చెప్తే "నన్ను అనుమానించినావు కదరా" అని నవ్వినాడు.

జోన్ 5:30 చేసినాను, గడియారం కుదిరింది, టెస్ట్ సక్సెస్. ఒక మాట: టైం వెనక్కి జరిపినప్పుడు ఆ రోజు రికార్డింగ్‌లో కొంతసేపు ఒకే టైం రెండుసార్లు పడి గజిబిజి అవుతుంది. దొంగతనం జరిగిన రోజు మాత్రం గడియారంతో ఆడుకోవద్దు.

మే 25, ఆదివారం

వారమంతా ఒక్క అలర్ట్ రాలేదు. టెస్ట్ నొక్కితే వస్తుంది, మనిషి నడిస్తే రాదు. ఇది చిన్న పనే. టెస్ట్ బటన్ చూసేది దారిని మాత్రమే. కదలిక కనపడితే ఆ దారిలో పంపమని వేరేగా చెప్పాల. మోషన్ డిటెక్షన్ పేజీలో లింకేజ్ అని ఉంటుంది, అందులో "సెండ్ ఈమెయిల్" టిక్ లేదు. అది కూడా ఒక్కో కెమెరాకు విడివిడిగా పెట్టాల, నేను మొదట ఒకటో కెమెరాకే పెట్టి మిగతావి మరిచినాను. పిల్లలిద్దరినీ గేటు నుంచి మెట్ల దాకా పరిగెత్తమన్నాను. పెద్దోడు ఆరుసార్లు పరిగెత్తినాడు, చిన్నోడు దొంగ మాదిరి తువ్వాలు కట్టుకొని వచ్చినాడు. అన్ని ఫొటోలూ పోయినాయి.

అన్నకు మాత్రం ఒక్కటీ కనపడలేదు. అన్నీ స్పామ్‌లో ఉన్నాయి. ఆయన అకౌంట్‌లో ఈ అడ్రస్ నుంచి వచ్చేవి స్పామ్‌లోకి పోకూడదని ఫిల్టర్ పెట్టించి, వాటికి విడిగా ఒక లేబుల్ చేసి, దానికి మాత్రమే ఫోన్ మోగేటట్టు పెట్టించినాను.

జూన్ 1, ఆదివారం

నిన్న రాత్రి వాన. పొద్దున్నే కువైట్ నుంచి ఫోన్. "రేయ్, నూట ఎనభై ఏడు మెయిళ్ళు. మనిషన్నోడు ఒక్కడూ లేడు."

అన్నీ కూర్చొని చూసినాను. సగానికి సగం తెల్ల చుక్కలు, తెల్ల గీతలు. వానకు లేచిన ఉసిళ్ళు. రాత్రి కెమెరా చుట్టూ వెలిగే ఇన్‌ఫ్రారెడ్ బల్బులు మన కంటికి ఎర్రటి మినుకు మాదిరి కనపడతాయి, కెమెరాకు మాత్రం అది టార్చిలైటే. లెన్సుకు జానెడు దూరంలో ఎగిరే పురుగు దానికి మనిషంత అవుతుంది. రెండో కెమెరాకు సాలెగూడు అడ్డం, గాలికి ఊగినప్పుడల్లా ఒక మెయిలు. మిగిలినవి విచిత్రం. ముంగిట్లో పరిచింది మన కడప బండలే, నల్లవి. తడిసినాయంటే అద్దాలే. వీధిలో ఆటో పోతే దాని లైటు బండల మీద జారుకుంటా గేటు నుంచి మెట్ల దాకా వస్తుంది. డీవీఆర్‌కు అది ఎవరో నడిచొచ్చినట్టు.

జీమెయిల్ రోజుకు 500 మెయిళ్ళ కంటే పంపనివ్వదు. ఇంతకు మూడింతలు పురుగులు లేచిన రాత్రే అసలు దొంగ వస్తే అప్పటికే ఆ కోటా అయిపోయి ఉండొచ్చు.

చేసినవి: బూజు కర్రతో గూడు దులిపినాను, కెమెరా పైభాగాన వేపనూనె పూసినాను, అద్దానికి తగలకుండా (పనిచేస్తుందో లేదో చూడాల). గేటు కెమెరాకు ఇన్‌ఫ్రారెడ్ ఆపేసి, దానికి పది అడుగుల దూరంలో స్తంభానికి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టినాను. పురుగులన్నీ దాని చుట్టే తిరుగుతాయి, బొమ్మ రంగుల్లో వస్తుంది కాబట్టి చొక్కా రంగు కూడా తెలుస్తుంది. కదలిక ఎక్కడెక్కడ చూడాలో చెప్పే గళ్ళను మౌస్‌తో చెరిపి, గేటు లోపలి నడుమెత్తు భాగం మాత్రం వదిలినాను. బండలు, వీధి, వేపచెట్టు అన్నీ బయట. సెన్సిటివిటీ 80 నుంచి 45. షెడ్యూల్ రాత్రి 11 నుంచి పొద్దున 5.

జూన్ 8, ఆదివారం

వారానికి 23 మెయిళ్ళు. పదకొండు పక్కింటి పిల్లివి, గేటు మీద నడుస్తుంది కాబట్టి నడుమెత్తు లెక్కలోకి వస్తాంది. ఐదు పాల పిల్లోనివి, 4:50కి. మిగిలిన ఏడూ అమ్మవి. నాలుగున్నరకే లేచి కల్లాపి చల్లి ముగ్గేస్తుంది. అన్న వరసగా ఏడు రోజులు ఫోన్ చేసినాడు, మోకాళ్ళ నొప్పి అంటావు, చీకట్లో వంగి ముగ్గేందని.

అమ్మ నన్ను పిలిచింది. "ఆ పెట్టెకు చెప్పు, నేను లేసేలోగా అది పడుకోవాలని."

షెడ్యూల్ 4:20కి ఆపినాను. మూడో కెమెరా వైరు కొనకు తుప్పు పట్టి బొమ్మ అప్పుడప్పుడు వణుకుతాంది. వచ్చే ఆదివారం నిచ్చెన తేవాల.