అర్బన్ సాయిల్స్ వర్గీకరణ: తిరుపతి నుంచి తోటి అభ్యర్థులకు

నెట్, ఏఆర్ఎస్, జేఆర్ఎఫ్ పరీక్షలకి సాయిల్ సైన్స్ చదివేవాళ్లు ఆల్ఫిసాల్స్, వర్టిసాల్స్ లాంటి సహజ నేల రకాల దాకా గట్టిగానే చదువుతారు. మనిషి మార్చిన నగర నేలలు వచ్చేసరికి నాలుగు పేర్లు బట్టీపట్టి వదిలేస్తారు. కానీ ఇది పూర్తిగా లెక్కల టాపిక్. హద్దులు తెలిసి, లెక్క చేతనైతే మార్కులు ఖాయం.

ముందు సంవత్సరాలు. డబ్ల్యూఆర్‌బీ, అంటే అంతర్జాతీయ నేలల వర్గీకరణ పద్ధతి, తొలిగా వచ్చింది 1998లో. అప్పుడు ఈ నేలలకు సొంత గ్రూపు లేదు, రెగోసాల్స్ (పొరలు పెద్దగా ఏర్పడని నేలలు) కిందే సర్దేవారు. మనిషి చేసిన పదార్థాలే ప్రధానమైన నేలల గ్రూపు, టెక్నోసాల్స్, 2006లో చేరింది. ఇప్పుడు చదవాల్సింది 2022 నాటి నాలుగో ఎడిషన్, మొత్తం 32 గ్రూపులు. యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) పద్ధతిలో మానవ ప్రభావిత నేలల నిబంధనలకు స్పష్టమైన రూపం వచ్చింది 2014 నాటి 12వ ఎడిషన్ కీస్ (నేలను గుర్తించే నిబంధనల పుస్తకం)లో.

టెక్నోసాల్‌కి ప్రధాన దారులు మూడు. పై 100 సెం.మీ.లో ఆర్టిఫ్యాక్ట్‌లు, అంటే మనిషి తయారుచేసిన లేదా మార్చిన పదార్థాలు, ఘనపరిమాణంలో సగటున 20 శాతం లేదా అంతకు మించి ఉండాలి. లేదా 100 సెం.మీ. లోపు నీరు ఇంకనివ్వని జియోమెంబ్రేన్ పరిచి ఉండాలి. లేదా తారు, కాంక్రీటు లాంటి గట్టి పదార్థం పై 5 సెం.మీ. లోపే మొదలై, 95 శాతం విస్తీర్ణాన్ని కప్పాలి.

మొదటి దారిలోనే ఎక్కువమంది బోల్తాపడతారు. రేణిగుంట వైపు ఒక ప్లాటులో పునాదికి జేసీబీతో తవ్విన గుంత అనుకోండి. పైన 30 సెం.మీ. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు కలిసిన మట్టి, ఆర్టిఫ్యాక్ట్‌లు 45 శాతం. ఆ కింద 100 దాకా ఎర్రమట్టి, 5 శాతం. 30ని 45తో, 70ని 5తో హెచ్చిస్తే 1350, 350. కలిపి 100తో భాగిస్తే 17 శాతం, కాబట్టి టెక్నోసాల్ కాదు. ఇదే మట్టి, ఇదే నింపుడు కొండ అంచున ఉండి, 50 సెం.మీ. దగ్గరే అవిచ్ఛిన్నమైన రాయి తగిలితే లెక్క రాయి దాకానే. 1350కి 100 కలిపి 50తో భాగిస్తే 29 శాతం, టెక్నోసాల్ అయిపోయింది! భాజకం ఎప్పుడూ 100 అనుకోవడం వల్లే తప్పు వస్తుంది. శేషాచలం పాదాల దగ్గర మట్టి లోతు తక్కువ కనుక ఈ రెండో రకం లెక్క మనకు ఊహించుకోవడం తేలిక.

తర్వాత ఏది ఆర్టిఫ్యాక్ట్, ఏది కాదు అన్న ప్రశ్న. లేఅవుట్‌కి లారీల్లో తోలిన గ్రావెల్ మనిషి తెచ్చిందే, అయినా గుట్ట పైపొరలో తవ్విన సహజ మట్టి కాబట్టి ఆర్టిఫ్యాక్ట్ కాదు. ఆ పొర 20 సెం.మీ. లేదా అంతకు మించి ఉంటే గ్రూపు పేరుకి ట్రాన్స్‌పోర్టిక్ అన్న క్వాలిఫయర్ (విశేషణం) చేరుతుంది, అంతే. చిత్తూరు వైపు గ్రానైట్ ఫ్యాక్టరీల్లో రాయి కోసేటప్పుడు వచ్చే బురద మాత్రం ఆర్టిఫ్యాక్టే. అలాంటి పారిశ్రామిక వ్యర్థం ఎక్కువైతే స్పోలిక్. ఇళ్ల శిథిలాలు, చెత్త ఎక్కువైతే అర్బిక్. సేంద్రియ చెత్త ఎక్కువైతే గార్బిక్. ఈ మూడింటికీ పొర కనీసం 20 సెం.మీ. మందం ఉండాలి, అందులో ఆర్టిఫ్యాక్ట్‌లు 20 శాతం, ఆ ఆర్టిఫ్యాక్ట్‌లలో 35 శాతం ఆ రకానివి కావాలి. ఈ 35 మొత్తం మట్టిలో కాదు, ఆర్టిఫ్యాక్ట్‌లలో. దీన్ని ఎర్ర సిరాతో రాసుకోండి. రోడ్డు కప్పిందైతే ఎక్రానిక్, జియోమెంబ్రేన్ ఉంటే లినిక్.

పక్కనే ఆంత్రోసాల్స్ ఉచ్చు. ఇవి దీర్ఘకాలం సాగువల్ల మారిన నేలలు. చెరువు కింద తరతరాలుగా వరి పండిన మడిలో ఆంత్రాక్విక్ (దమ్ము చేసిన పైపొర), దాని కింద హైడ్రాగ్రిక్ (ఆ నీటి వల్ల మారిన పొర) కలిపి 50 సెం.మీ. ఉంటే ఆంత్రోసాల్. హార్టిక్ పొరకి (లోతుగా తవ్వి, ఎరువు వేసి సాగుచేసిన పైపొర) 20 సెం.మీ. మందం చాలు, కానీ దానితో ఆంత్రోసాల్ అనిపించుకోవాలంటే 50 కావాలి. గ్రూపును తేల్చే కీలో హిస్టోసాల్స్ (సేంద్రియ నేలలు), ఆంత్రోసాల్స్, టెక్నోసాల్స్ ఈ వరుసలోనే వస్తాయి. రెండిటికీ సరిపోతే ముందున్నదే జవాబు.

యూఎస్‌డీఏలో ఇవే నేలలు ఎక్కువగా ఎంటిసాల్స్, ఇన్‌సెప్టిసాల్స్ అనే లేత నేలల తరగతుల్లోకి వెళ్తాయి. మనిషి తెచ్చిపోసిన పదార్థం 50 సెం.మీ. లేదా అంతకు మించి ఉంటే ఆంత్రోపోర్టిక్ సబ్‌గ్రూప్. పొరల గుర్తుల్లో ముందు టోపీ గుర్తు (^) ఉంటే తెచ్చిపోసిన మట్టి, చివర చిన్న 'యు' ఉంటే ఆర్టిఫ్యాక్ట్‌లు ఉన్నట్టు, పెద్ద 'ఎం' అంటే వేరు దిగని మానవ నిర్మిత పొర.

చదివింది నిలవాలంటే తవ్విన పునాది గుంత ఒక్కటి చూడండి, యజమానిని అడిగి, అంచు కూలకుండా జాగ్రత్తగా. గోడను కత్తితో చెక్కి శుభ్రం చేసి, టేపు వేలాడదీసి పొరల హద్దులు రాసుకోండి. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే సిమెంటు, సున్నం ముక్కలు బుసబుస పొంగుతాయి. మన ఎర్రనేలల్లో సహజంగా సున్నం తక్కువ కాబట్టి ఇది మంచి ఆనవాలు. సుద్ద కణికలున్న నల్లమట్టిలో మాత్రం ఆ పొంగుని నమ్మకండి, ముక్కని చేత్తో విరిచి చూడాలి. శాతం అంచనా చార్టుతో వేయండి. జల్లెడ పట్టి తూకం వేస్తే వచ్చేది బరువు శాతం. కాంక్రీటు మట్టి కన్నా బరువైనది కాబట్టి ఆ అంకె నిజమైన ఘనపరిమాణ శాతం కంటే ఎక్కువ చూపిస్తుంది. 20 హద్దు దగ్గరున్న నేలకి ఆ తేడాతోనే గ్రూపు మారిపోతుంది.