దిబ్బ కనిపిస్తే ముందు గొయ్యి వెతకండి

బెంగళూరు నుంచి హొసకోటె దాటి కోలారు వైపో, చింతామణి వైపో పోతుంటే రాగి చేల మధ్య, నీలగిరి తోపుల పక్కన మట్టి దిబ్బలు కనిపిస్తాయి. ఊళ్లో అడిగితే ఒకరు పాళెగాడి కోట అంటారు, ఇంకొకరు పాండవుల కాలం నాటిదంటారు, నిధి ఉందనేవాళ్లు ఎలాగూ ఉంటారు. ఆ మాటలన్నీ రాసిపెట్టుకోండి, పనికొస్తాయి. కానీ వాటితో మొదలుపెట్టకండి.

మట్టి ఊరికే పోగవదు. ఎక్కడో తవ్వితేనే ఇక్కడ పడుతుంది. అందుకే దిబ్బ ఎక్కేముందు చుట్టూ 200 మీటర్ల దాకా తిరగండి. పూడిపోయిన బావి, కుంట, చెరువు గర్భం, అగడ్తలా సాగిన పల్లం ఏదైనా ఉందా చూడండి. పంట కోశాక, గడ్డి ఎండాక, ఎండ ఏటవాలుగా పడే పొద్దున పూట వెళ్తే చిన్న పల్లాలు కూడా నీడల్లో తెలుస్తాయి.

తర్వాత కొలత. 30 మీటర్ల టేపు, మేస్త్రీలు వాడే లెవెల్ పైపు, ఇద్దరు మనుషులు చాలు. ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక గీత, తూర్పు నుంచి పడమరకు ఒక గీత, ప్రతి 2 మీటర్లకూ ఎత్తు రాసుకోవాలి. పైపులో గాలి బుడగ మిగిలితే అంకెలన్నీ తప్పుతాయి. నీళ్లు నింపాక రెండు కొనలూ పక్కపక్కన పెట్టి, మట్టం కలిసిందో లేదో ముందే చూసుకోవాలి. అసలు ఇబ్బంది దిబ్బ అంచు దగ్గర వస్తుంది. వానలకు మట్టి జారి చేలోకి పరుచుకుంటుంది, నాగలి దాన్ని ఇంకా లాగుతుంది. అందుకని వాలు ఆగినట్టు కనిపించిన చోటు దాటి మరో 5 మీటర్లు కొలవండి.

ఒక లెక్క చూద్దాం. అడుగున 20 మీటర్ల వ్యాసం, నడుమ 2 మీటర్ల ఎత్తు, గుండ్రంగా బోర్లించిన మూకుడులా ఉన్న దిబ్బలో సుమారు 318 ఘనపు మీటర్ల మట్టి ఉంటుంది. 6 మీటర్ల వ్యాసం, 10 మీటర్ల లోతున్న బావి తవ్వితే వచ్చేది 283 ఘనపు మీటర్లు. తవ్విన మట్టి పొంగుతుంది కాబట్టి రెండూ దాదాపు సరిపోతాయి. చూడ్డానికి గుట్టంత ఉన్న దిబ్బ ఒక్క మోట బావి మట్టి కావచ్చన్నమాట. పక్కనే పూడిన బావి ఉంటే కోట కథను అక్కడితో ఆపడం మంచిది.

బావి మట్టి అని తేల్చే గుర్తు ఇంకొకటి ఉంది. అక్కడ వరుస తిరగబడుతుంది. బావి తవ్వేటప్పుడు ముందు పైమట్టి వస్తుంది, తర్వాత ఎర్రమట్టి, చివర మొరం, రాతి ముక్కలు. దిబ్బలో పైమట్టి అడుగున, మొరం నెత్తిన ఉంటుంది. దీన్ని చూడటానికి తవ్వక్కర్లేదు, తవ్వకూడదు కూడా. బండి దారి కోసిన చోటో, జేసీబీ గీసిన చోటో, వాన కోతో ఎలాగూ ఉంటుంది. ఆ గోడ మీద నీళ్లు చిలకరిస్తే పొరల రంగులు తేలతాయి.

చెరువు పూడిక దిబ్బ అయితే నల్ల ఒండ్రు, నత్తగుల్లలు, తట్టలతో కుమ్మరించిన వాలు పొరలు కనిపిస్తాయి.

పాత ఊరి దిబ్బ వేరు. దానికి గొయ్యి వెతికినా దొరక్కపోవచ్చు. మట్టి గోడలు కూలి, దాని మీదే మళ్లీ ఇల్లు కట్టి, బూడిద, పేడ, పెంకులు చేరి తరాల తరబడి పెరుగుతుంది. మట్టి బూడిద రంగులో, చేత్తో నలిపితే పొడిపొడిగా రాలుతుంది. పొరలు బల్లపరుపుగా ఉంటాయి, వాటిలో ఎముకలు, బొగ్గు, కాలిన మట్టి పెళ్లలు. మన రైతులు దీన్నే పాటిదిబ్బ అంటారు. పాటిమన్ను ఎరువుగా బండ్లకెత్తి చేలకు తోలడం పాత అలవాటు. చాలామంది మోసపోయేది ఇక్కడే. ఎరువుతోపాటు పెంకులు కూడా చేల నిండా చేరతాయి. చేలో పెంకు దొరికిందని అక్కడ ఊరుండేదని అనుకోకూడదు, ఆ మన్ను ఏ దిబ్బ నుంచి తోలారో అడగాలి.

పెంకులు వయసు చెబుతాయి, కానీ ఒక్క పెంకు చాలదు. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్నవి ఇనుప యుగం నాటివి కావచ్చు. కుండను బోర్లించి కాల్చితే గాలి తగలని లోపలి వైపు నల్లబడుతుంది. పింగాణీ ముక్క దిబ్బ పైన దొరికితే తర్వాత ఎవరో పారేసింది కావచ్చు, అడుగు పొరలో దొరికితే దిబ్బే అంత పాతది కాదన్నమాట.

ఉప్పరుల దిబ్బల్ని చాలామంది మరిచిపోతారు. చౌడు మట్టిని నీళ్లతో కడిగి ఉప్పు తీసేవాళ్లు, కడిగేసిన మట్టి పోగులు పడేది. ఇలాంటి చోట గొయ్యి ఉండదు, పొలమంతా పలచగా గీకి ఉంటుంది. దిబ్బలో పెంకులు తక్కువ.

రాళ్లు వలయంగా పాతి, నడుమ గులకరాళ్ల కుప్ప ఉంటే అది సమాధి కావచ్చు. హొసకోటె తాలూకా జడిగేనహళ్లిలో 1957లో తవ్వింది ఇలాంటి పెద్దరాతి సమాధుల్నే. పశువుల పేడ కాలి మిగిలిన పాతకాలపు బూడిద దిబ్బలు ఎక్కువగా బళ్లారి, రాయచూరు, అనంతపురం వైపు ఉన్నాయి. మహబూబ్‌నగర్ వైపు ఉట్నూరులో ఉన్న అలాంటి దిబ్బను పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వితే పశువుల గిట్టల అచ్చులు, దొడ్డి గుంజల గుంటలు బయటపడ్డాయి. అంతకుముందు ఈ బూడిద దిబ్బల గురించి ఎన్ని ఊహలో! రాక్షసుల చితులనే కథ కూడా ఉండేది. అవి పశువుల దొడ్లని తేల్చింది గిట్టల అచ్చులే.

కోట అనాలంటే దిబ్బ ఒంటరిగా ఉంటే చాలదు. అది వరసగానో, చుట్టుగానో సాగాలి, బయటి వైపు అగడ్త పల్లం ఉండాలి, మూలల్లో బురుజులా ఉబ్బు ఉండాలి. 1537 నాటి కెంపేగౌడ కోట కూడా మట్టిదే. రాతి గోడ లేదని కోట కాదనలేం.

కాగితాలూ చూడండి. రెవెన్యూ రికార్డుల్లో బేచిరాకు గ్రామం అని ఉంటే అది జనం విడిచిన ఊరు. పాటిదిబ్బను పోల్చుకోవడానికి అంతకంటే మంచి ఆధారం అరుదు. మైసూరు సంస్థానపు శాసనాలు సేకరించిన బి.ఎల్. రైస్ 1905లో అచ్చువేయించిన శాసన సంపుటాలు బెంగళూరుకొకటి, కోలారుకొకటి ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ల పాత పేర్లు వాటిలో దొరుకుతాయి.

పెంకుల్ని ఇంటికి తెచ్చుకోకండి. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, ఎక్కడ పడి ఉందో అక్కడే వదలండి. లేఅవుట్ కోసం దిబ్బను చదును చేస్తున్నట్టు తెలిస్తే కొలతలు, ఫోటోలతో తహశీల్దారుకు అర్జీ ఇచ్చి, ఒక కాపీ రాష్ట్ర పురావస్తు శాఖకు పంపండి. అందులో సర్వే నంబరు తప్పకుండా రాయండి. అది లేకపోతే ఏ పొలమో తెలియక అర్జీ బల్ల మీదే ఉండిపోతుంది.