నిశ్చితార్థపు ఉంగరానికి పెద్ద వజ్రం: నా అనుభవం

వజ్రం కొనాలనుకునేవాళ్లు నన్ను అడిగితే ముందుగా చెప్పే మాట ఒకటే: నగలో బిగించిన రాయిని కాదు, విడిగా ఉన్న రాయిని చూసి కొనండి. బిగించాక బంగారం చాలా సంగతులు దాచేస్తుంది. రాయి లోతెంత, అంచు ఎంత మందం, ఒంట్లో పసుపు ఛాయ ఏపాటిది అనేవి విడి రాయిలోనే తేటగా తెలుస్తాయి. హైదరాబాద్‌లో సోమాజిగూడ, పంజాగుట్ట, బషీర్‌బాగ్, సికింద్రాబాద్ పాట్ మార్కెట్ తిరిగాక ఈ మాట గట్టిగా చెప్పగలుగుతున్నాను.

మా నిశ్చితార్థం నాడు మావారు నా వేలికి తొడిగిన ఉంగరంలో 18 సెంట్ల వజ్రం ఉండేది. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అందులో నూరో వంతు సెంటు. అప్పటికి ఆయన ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. జీతంలో మిగిల్చి కొన్నారని తెలుసు కాబట్టి ఆ రాయి చిన్నదని నాకు ఏనాడూ అనిపించలేదు. కిందటేడు రాయిని పట్టుకునే నాలుగు బంగారు కొనల్లో ఒకటి అరిగి, రాయి కదలడం మొదలైంది. కంసాలి భూతద్దంతో చూసి, మిగతా మూడూ సన్నబడ్డాయనీ, పైభాగమంతా కొత్తగా చేయాలనీ చెప్పారు. ఎలాగూ చేయిస్తున్నాం కదా, పదో పెళ్లిరోజుకు పెద్ద రాయి పెట్టిద్దామని మావారే అన్నారు. రాయి, బంగారం, కూలీ, పన్ను అన్నీ కలిపి 3 లక్షల రూపాయలు దాటకూడదని ఇద్దరం అనుకున్నాం.

పాత రాయి ఇచ్చేసి, పైన కొంత వేసి కొత్తది తీసుకోవడమే సులువని మొదట అనుకున్నాం. చాలా దుకాణాలు తాము అమ్మిన వజ్రానికే మార్పిడి విలువ కడతాయి. మేము కొన్న దుకాణం ఎప్పుడో మూతపడింది. రాయికి సర్టిఫికెట్ కూడా లేదు. ఒకచోట బంగారం తూకానికే డబ్బు, రాయికి ఏమీ ఇవ్వలేమన్నారు. ఇంకోచోట చెప్పిన మొత్తం వినగానే మావారి ముఖం చిన్నబోయింది. చిన్న రాళ్ల సంగతి అంతేనట. వాటిని పరీక్ష చేయించి, కాగితం పుట్టించి, మళ్లీ అమ్మడానికి అయ్యే ఖర్చుకే వాటి ధర సరిపోతుంది. ఆ సాయంత్రమే నేను తేల్చి చెప్పేశాను, అది ఎవరికీ ఇచ్చేది లేదు, దాన్ని ముక్కుపుడక చేయిస్తానని. ముక్కుకు 18 సెంట్లు నిండుగా ఉంటుంది. మార్పిడి ఆలోచన వదిలేశాక ఏ దుకాణానికీ కట్టుబడి ఉండాల్సిన పని లేకుండా పోయింది, వెతకడం కూడా తేలికైంది.

పెద్ద దుకాణాల్లో ఎక్కడికి వెళ్లినా వినిపించిన మాట ఒక్కటే. "మా దగ్గర అన్నీ ఈఎఫ్, వీవీఎస్ అండి." వజ్రం రంగుకు డి నుంచి జడ్ వరకు అక్షరాలతో మెట్లు ఉంటాయి. డి అంటే ఏ ఛాయా లేనిది, ఈఎఫ్ అంటే దాని తర్వాతి ఈ, ఎఫ్ మెట్లు, కిందికి దిగేకొద్దీ పసుపు పెరుగుతుంది. లోపలి మచ్చలను పది రెట్లు పెంచి చూపే భూతద్దంతో చూసి, ఏ మచ్చా లేని ఎఫ్‌ఎల్ నుంచి ఐఎఫ్, వీవీఎస్, వీఎస్, ఎస్‌ఐ, ఐ వరకు తరగతులు ఇస్తారు. ఈ పద్ధతిని స్థిరపరిచింది అమెరికాలో 1931లో మొదలైన జీఐఏ సంస్థ. మన దగ్గర చాలా దుకాణాల్లో రంగు, మచ్చల గురించి చక్కగా వివరిస్తారు. కటింగ్ ఎలా ఉందని అడిగితే మాత్రం "బెల్జియం కటింగ్ మేడం" అని ఊరుకుంటారు. రాయి ఎక్కడ చెక్కారన్నది నా ప్రశ్న కాదు, ఎలా చెక్కారన్నది. పైగా ఈరోజు ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో సింహభాగం సూరత్ చేతుల మీదుగానే వెళ్తుంది, అక్కడి పనివాళ్లు ఎవరికీ తీసిపోరు.

కటింగ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రాయి మెరుపంతా అందులోనే ఉంది. గుండ్రటి బ్రిలియంట్ రాయికి 57 ముఖాలు ఉంటాయి, అడుగు కొనను కూడా చెక్కితే 58. పైనుంచి లోపలికి దిగిన వెలుగు అడుగు ముఖాలకు తగిలి, అటు నుంచి ఇటు మళ్లి, తిరిగి మన కంటికే చేరాలి. రాయి మరీ లోతైనా, మరీ పలచనైనా ఆ వెలుగు కిందనుంచో పక్కనుంచో జారిపోతుంది. లోతెక్కువైన రాయి నడిమధ్య నల్లగా కనిపిస్తుంది. పలచటి రాయిలో చుట్టూ బూడిద రంగు వలయం తేలుతుంది. బెల్జియం వజ్రాల కుటుంబంలో పుట్టిన మార్సెల్ టోల్‌కోవ్‌స్కీ 1919లో దీనికి లెక్క కట్టి చూపాడు. పై వాలు 34.5 డిగ్రీలు, కింది వాలు 40.75 డిగ్రీలు ఉంటే మెరుపు, రంగుల తళుకు రెండూ బాగా కుదురుతాయన్నాడు. ఇప్పటి రాళ్లు అచ్చంగా ఆ అంకెల మీదే ఉండాలని లేదు కానీ, వాటికి బాగా దూరంగా ఉంటే మాత్రం నేను పక్కన పెట్టేశాను.

మరి అంత తెలిసి కూడా సరిగా చెక్కని రాళ్లు ఎందుకు వస్తాయి? బరువు కోసం. అర క్యారెట్, 70 సెంట్లు, 90 సెంట్లు, ఒక క్యారెట్ అనే గడపల దగ్గర క్యారెట్ ధర ఒక్కసారిగా పెరుగుతుంది. 68 సెంట్లకు అందంగా వచ్చే రాయిని, అడుగున లోతు ఉంచి, అంచు మందంగా వదిలి 70 దాటిస్తే ఎక్కువ డబ్బు వస్తుంది. కొనేవాళ్లు ఆ అదనపు బరువుకు డబ్బు కడతారు, కంటికి మాత్రం అది కనపడదు. అందుకే సెంట్లతో పాటు అడ్డకొలత మిల్లీమీటర్లలో అడగడం అలవాటు చేసుకున్నాను. చక్కగా చెక్కిన క్యారెట్ రాయి దాదాపు 6.4 మిల్లీమీటర్లు, అర క్యారెట్ 5.1 పైచిలుకు ఉంటాయి. మా పాత 18 సెంట్ల రాయి 3.7 ఉంది. బరువు నాలుగింతలైనా అడ్డకొలత నాలుగింతలు కాదు, రెండింతలు కూడా కాదు. ఈ లెక్క తెలిశాకే ఎంత రాయి కావాలో నాకు స్పష్టమైంది. 70 సెంట్ల పైన, బాగా చెక్కినది చాలు.

దుకాణం దీపాల సంగతి కూడా చెప్పాలి. నగల దుకాణం పైకప్పులోని చిన్న చిన్న ఘాటైన దీపాల కింద ఏ రాయైనా నిప్పురవ్వలు చిమ్ముతుంది. నేను రాయిని చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరకు, తర్వాత బల్ల నీడకు తీసుకెళ్లేదాన్ని. మంచి రాయి నీడలో కూడా బతికే ఉంటుంది. కొన్ని దుకాణాల్లో దీనికి మొహమాటం లేకుండా ఒప్పుకున్నారు. ఒప్పుకోనిచోట మేము ఎక్కువసేపు కూర్చోలేదు.

మధ్యలో ప్రయోగశాలలో తయారుచేసే ల్యాబ్ వజ్రాల వైపు మనసు బాగా లాగింది. అవి నకిలీలు కావు, అదే కర్బనం, అదే కాఠిన్యం. అధిక ఒత్తిడి, అధిక ఉష్ణోగ్రతలో ఒక పద్ధతిలోనూ, వాయువు నుంచి పొర మీద పొరగా పెంచే సీవీడీ పద్ధతిలోనూ తయారవుతాయి. దుకాణాల్లో బీప్‌మని మోగే పెన్ను లాంటి పరికరం వేడి ప్రసరణను మాత్రమే చూస్తుంది కాబట్టి రెండింటికీ ఒకేలా మోగుతుంది. తేడా పట్టాలంటే ప్రయోగశాల పరికరాలు కావాలి. మా డబ్బుతో రెండు క్యారెట్ల ల్యాబ్ రాయి వచ్చి ఇంకా మిగిలేది. మావారు దానికే మొగ్గారు. నేను చాలా ఆలోచించి వద్దన్నాను. వాటి ధరలు కొన్నేళ్లుగా పడుతూనే ఉన్నాయి, రేపు మార్చుకోవాలంటే చేతికి ఏమీ రాకపోవచ్చు. ఇదొక కారణం. రెండోది నా సొంతం. నేను పుట్టింది కృష్ణ ఒడ్డున, గుంటూరు జిల్లాలో. కొల్లూరు గనులు మా వైపువే. కోహినూర్ అక్కడే దొరికిందని చెబుతారు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే వచ్చి, ఆ గనుల్లో 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. ఇప్పుడా చోటు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో ఇప్పటికీ జనం వంగి వంగి వజ్రాలు వెతుకుతారు. అలాంటి నేల మీద పుట్టి, భూమిలో పుట్టిన రాయే పెట్టుకోవాలనిపించింది. ఒక చిత్రమైన సంగతి కూడా తెలిసింది. నత్రజని దాదాపు లేని టైప్ 2ఎ రాళ్లంటూ ప్రపంచమంతా గోల్కొండ వజ్రాలను పొగుడుతుంది, సీవీడీ రాళ్లలో ఎక్కువ భాగం కూడా ఆ తరగతివే. ల్యాబ్ రాయి తీసుకున్నవాళ్లను నేను తప్పు పట్టను, నాకు మాత్రం ఇది కావాలి.

చివరికి పాట్ మార్కెట్ దగ్గర విడి రాళ్లు అమ్మే ఒక వ్యాపారి దొరికారు. మాకు కావలసినవి కాగితం మీద రాసిచ్చాం: 70 నుంచి 75 సెంట్లు, రంగు హెచ్ లేదా ఐ, శుద్ధత వీఎస్2 (వీఎస్ తరగతిలో రెండో మెట్టు) కన్నా తగ్గకూడదు, కటింగ్ ఎక్సలెంట్, జీఐఏ సర్టిఫికెట్. డి, ఈ రంగులకు ఎగబాకలేదు. పచ్చటి బంగారంలో పెట్టే రాయికి ఆ తెలుపు పెద్దగా పనికిరాదు, అక్కడ మిగిలిన డబ్బు కటింగ్‌కు పెట్టవచ్చు. ఆయన ముంబయి నుంచి జాంగడ్ మీద నాలుగు రాళ్లు తెప్పించారు. నచ్చితే కొనడం, లేదంటే తిప్పి పంపడం అనే ఒప్పందాన్ని ఆ వ్యాపారంలో అలా అంటారు. మడత కాగితాల పొట్లాల్లోంచి ఒక్కొక్కటి తీసి తెల్ల కాగితం మీద బోర్లించి పెట్టారు. బోర్లించి పక్కనుంచి చూస్తేనే పసుపు ఛాయ బయటపడుతుంది.

ఆ రోజు అత్తయ్యను కూడా తీసుకెళ్లాం. ఆవిడ చెవులకు ఏడు రాళ్ల దుద్దులు, వాళ్ల అమ్మవి. రాళ్లను చూడటంలో ఆవిడ కన్ను చాలా పదును. "లోపల కాకిపాదం ఉందేమో చూడమ్మా, ఉంటే వద్దు. నీలం తిరిగే జాగర్ రాయి అయితే మంచిది" అన్నారు. కాకిపాదం అంటే కాకి కాలి ఆకారంలో ఉండే మచ్చ. ఇక జాగర్ అంటే, దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటీన్ గని పేరు మన ఇళ్లలో అలా నిలిచిపోయింది. నాలుగింటిలో 75 సెంట్ల రాయి బరువులో పెద్దది. కానీ అడ్డకొలత 5.65 మిల్లీమీటర్లే, లోతు అడ్డకొలతలో 64 శాతం దాటింది. 72 సెంట్ల రాయి 5.77 ఉంది, లోతు 61.5 శాతం. పక్కపక్కన పెడితే తక్కువ బరువుదే పెద్దదిగా కనిపించింది. రంగు హెచ్, శుద్ధత వీఎస్2. అతినీలలోహిత కాంతిలో ఓ మోస్తరు నీలంగా మెరిసే గుణం దానికి ఉందని సర్టిఫికెట్‌లో రాసి ఉంది. ఈ గుణం మరీ ఎక్కువైతే కొన్ని రాళ్లు ఎండలో పాలు కలిపినట్టు మసకబారతాయి. అందుకని మెట్ల దగ్గర ఎండలోకి తీసుకెళ్లి చూశాం, తేటగానే ఉంది. అత్తయ్య దాన్ని అరచేతిలో తిప్పి తిప్పి చూసి, "ఇదే తీసుకోండి" అన్నారు.

సర్టిఫికెట్ సంఖ్యను అక్కడే ఫోనులో జీఐఏ వెబ్‌సైట్‌లో కొట్టి, కొలతలన్నీ సరిపోల్చాం. రాయి నడుము అంచు మీద లేజర్‌తో చెక్కిన సంఖ్యను భూతద్దంలో చదివి, కాగితం మీది సంఖ్యతో చూసుకున్నాం. తూకం కూడా వేయించాం. వజ్రం కలిసివస్తుందో లేదో కొన్నాళ్లు ఇంట్లో పెట్టుకుని చూడాలన్నది మా అత్తయ్య పట్టింపు. కొంత అడ్వాన్సు ఇస్తే వ్యాపారి అందుకు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ఇంట్లో దేవుడి గూట్లో ఉంచాం. ఆ రోజుల్లో పొద్దున, మధ్యాహ్నం, ట్యూబులైటు కింద దాన్ని చూసుకునే వీలు కలగడం నాకు ఎంతో మేలు చేసింది. విడి రాయిగా కొన్నందుకు 1.5 శాతం జీఎస్‌టీ పడింది. నగలో భాగంగా కొంటే మొత్తం విలువ మీద 3 శాతం.

ఉంగరం పని మా పాత కంసాలికే ఇచ్చాం. 22 క్యారెట్ల బంగారం మెత్తన, రాయిని పట్టు వదలకుండా ఉంచాలంటే 18 క్యారెట్లే నయం. ఈసారి నాలుగు కాదు, ఆరు కొనలు పెట్టమన్నాను. ఒకటి అరిగినా రాయి పడిపోదు. రాయి అప్పగించేటప్పుడు అంచు మీది సంఖ్య చూపించి, బరువు రాయించుకుని సంతకం తీసుకున్నాం. నమ్మకం లేక కాదు, ఆయనే అలా చేయమన్నారు. బిగించాక ఆ సంఖ్య బంగారం కొన కిందికి పోకుండా చూడమని అడిగితే అలాగే పెట్టారు. హాల్‌మార్క్ వేయించుకొచ్చాక బీఐఎస్ గుర్తు, 18 క్యారెట్లకు 750 అంకె, నగ గుర్తింపు సంఖ్య అయిన ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ మూడూ ఉన్నాయో లేదో చూశాను. ఆ హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలు వచ్చాయి. అంతా కలిపి మేము అనుకున్న మొత్తం దాటలేదు.

ఇప్పుడు దాన్ని చూసుకోవడం నా పని. వజ్రానికి జిడ్డు ఇట్టే అంటుకుంటుంది. దక్షిణాఫ్రికా గనుల్లో ఈ గుణాన్నే వాడుకుని, గ్రీజు పూసిన బల్లల మీదుగా ఖనిజాన్ని నీళ్లతో పారించి వజ్రాలను పట్టేవారు. మన వంటింట్లో పోపు నూనె, తలకు రాసే కొబ్బరినూనె ఆ పనే చేస్తాయి. అడుగున జిడ్డు చేరితే ఎంత మంచి కటింగైనా మందగిస్తుంది. వారానికోసారి గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి, మెత్తటి బ్రష్‌తో రాయి అడుగు భాగం కడుగుతున్నాను. కొనలు అరుగుతున్నాయేమో ఏడాదికోసారి చూపించమన్నారు కంసాలి. పాత రాయితో ముక్కుపుడక కూడా ఆయన దగ్గరే తయారవుతోంది, దసరా లోపు ఇస్తానన్నారు.