అల్సేషన్ వేరు, షెపర్డ్ వేరు అంటే నమ్మొద్దు

అనంతపురంలో కుక్కపిల్లల బేరం జరిగే చోట తరచూ వినపడే మాట: "అన్నా, ఇది మామూలు అల్సేషన్ కాదు, జర్మన్ షెపర్డ్. రేటు వేరే." ఇంకో చోట ఇదే తిరగబడుతుంది: "ఇప్పుడొచ్చేవన్నీ షెపర్డులే, ఒరిజినల్ అల్సేషన్ యాడ దొరుకుతాదప్పా?" రెండూ తప్పే. జాతి ఒకటే, పేర్లు రెండు. ఒకే పంటను అనంతపురం వైపు శెనక్కాయలంటారు, కర్నూలు వైపు బుడ్డలంటారు. అంతమాత్రాన పంటలు రెండవుతాయా?

అసలు పేరు జర్మన్ భాషలో ఉంది: డాయిచర్ షేఫర్‌హుంట్. డాయిచర్ అంటే జర్మన్, షేఫర్ అంటే గొర్రెల కాపరి, హుంట్ అంటే కుక్క. మాక్స్ ఫాన్ స్టెఫనిట్స్ అనే మాజీ సైనికాధికారి 1899లో ఈ జాతి కోసం సంఘం పెట్టి, మధ్య జర్మనీ, దక్షిణ జర్మనీ మందల దగ్గరి కుక్కల నుంచి దీన్ని ఒక రూపానికి తెచ్చాడు. వంశావళి పుస్తకంలో మొదటి నంబరు కుక్కకే పేరు మారింది. కొన్నప్పుడు అది హెక్టర్. ఆయన చేతికొచ్చాక హొరాండ్ ఫాన్ గ్రాఫ్‌రాట్.

ఆ మధ్యలో ఉన్న "ఫాన్" అనే ముక్క మన దగ్గరా కుక్కపిల్లల వంశ కాగితాల్లో కనిపిస్తుంది. "ఫలానా చోటి" అని దాని అర్థం, ఆ తర్వాత వచ్చేది కెన్నెల్, అంటే కుక్కల్ని పెంచే చోటి పేరు. మన దేశంలో పుట్టిన పిల్లకూ పెంపకందారు అలాంటి పేరే పెట్టుకోవచ్చు. పేరులో ఫాన్ ఉంది కాబట్టి జర్మనీ నుంచి దిగిన సరుకు అనుకుని పది వేలు ఎక్కువ పెట్టాల్సిన పని లేదు.

మరి అల్సేషన్ ఎక్కడిది? మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో జర్మన్ అన్న మాట వింటేనే మండిపడే రోజులు. అందుకని ఫ్రాన్స్, జర్మనీ సరిహద్దులోని అల్సాస్ ప్రాంతం పేరు తెచ్చి తగిలించి, "అల్సేషన్ వుల్ఫ్ డాగ్" అన్నారు. కుక్క పుట్టుకకు అల్సాస్‌తో ప్రత్యేకమైన సంబంధమేమీ లేదు, రాజకీయం కోసం పెట్టిన పేరు. వుల్ఫ్ డాగ్ అనే తోక తర్వాత ఊడిపోయింది. 1977లో అక్కడి కెన్నెల్ క్లబ్ (కుక్కల జాతులను నమోదు చేసే సంఘం) మళ్ళీ జర్మన్ షెపర్డ్ పేరు తెచ్చింది. మనకు ఇంగ్లీషు వాళ్ళ నోటి నుంచి వచ్చిన అల్సేషన్ మాత్రం ఊళ్ళలో అట్లే నిలిచిపోయింది. పెద్దవాళ్ళు అల్సేషన్ అనడం, పిల్లలు షెపర్డ్ అనడం వయసు తేడానే గాని జాతి తేడా కాదు.

ఆ ఊడిపోయిన వుల్ఫ్ (తోడేలు) తోక వల్ల ఒక అపోహ మాత్రం మిగిలింది: ఇది తోడేలుకు, కుక్కకు పుట్టిందని. చెవులు, మూతి చూసి అనుకోవడం సహజమే. ముఖ్యంగా కళ్యాణదుర్గం వైపు గొర్రెల మందల మీద తోడేళ్ళు పడటం ఎరిగినవాళ్ళకు. పేరులోని అర్థం దీనికి సరిగ్గా ఎదురు. ఇది మంద వైపు జంతువు.

షెపర్డ్ అన్న ఇంగ్లీషు మాట మన "గొర్రెల కాపరి"లాగే రెండు ముక్కల జంట: షీప్, హెర్డ్. ప, హ పక్కపక్కన పడ్డాయి తప్ప అక్కడ "ఫ" లేదు. కాబట్టి షెఫర్డ్ కాదు, షెపర్డ్. రాసేటప్పుడైనా ఈ మాత్రం పాటిస్తే బాగుంటుంది.

మన కురుబల మందల వెంట తిరిగే ఊరకుక్కకూ దీనికీ పనిలో తేడా ఉంది. మన మందకుక్క పని ప్రధానంగా రాత్రి కాపలా. గొర్రెలను తోలేది మనిషి, అతని కర్ర, అతని అదిలింపు. జర్మనీలో కంచెలు లేని చేల మధ్య మంద మేస్తుంటే, ఈ కుక్క పైరు గట్టు వెంట రోజంతా చిన్న పరుగులాంటి నడకతో అటూ ఇటూ తిరుగుతూ తానే కంచె అయ్యేది. పైరులోకి మూతి పెట్టిన గొర్రెను కరిచి వెనక్కి నెట్టేది. ఇంట్లో పెంచినప్పుడు మడమలు పట్టడం, పరిగెత్తే పిల్లల చుట్టూ తిరగడం, బైకుల వెంట పడటం ఆ గుణమే. దీన్ని కోపం అనుకుని రోజంతా గొలుసుకు కట్టేస్తే మొరుగుడు పెరుగుతుంది, గుణం పోదు. పొద్దున ఎండ ముదరకముందు, సాయంత్రం నేల చల్లబడ్డాక కలిపి గంటన్నర నడక, మధ్యలో వెతికే పనో తెచ్చే పనో ఏదైనా పెట్టాలి.

వాడుకలో మరికొన్ని తికమకలు. "చెవులు నిలబడితే అల్సేషన్" అన్నది బాగా పాతుకుపోయింది. 45 రోజుల పిల్లకు చెవులు వాలే ఉంటాయి. చాలావాటికి నాలుగైదు నెలల్లో నిలబడతాయి, పళ్ళు మారేటప్పుడు మళ్ళీ వాలి లేస్తాయి. చెవులు నిక్కిన ఊరకుక్కలు మన వీధుల్లో ఎన్ని లేవు! "సింగిల్ కోటు, డబుల్ కోటు" అన్న మాట అంతకన్నా ఖరీదైన తికమక. పొట్టి వెంట్రుకల దాన్ని సింగిల్, పొడుగు దాన్ని డబుల్ అని అమ్ముతారు. జాతి ప్రమాణం ప్రకారం రెండు రకాలకూ పైన గరుకు వెంట్రుక, లోపల మెత్తటి ఊలు ఉండాల్సిందే, తేడా పొడుగులోనే. ఏప్రిల్ ఎండలకు భయపడి గొరిగించొద్దు, తోలు నేరుగా ఎండకు పడుతుంది. దువ్వెనతో లోపలి ఊలు తీస్తే చాలు.

నిలువెల్లా నల్లగా ఉంటే వేరే జాతి అనేవాళ్ళూ ఉన్నారు. నలుపు ఈ జాతిలో ఒప్పుకున్న రంగే. తెలుపు ఒప్పుకోరు. పరిమాణానికి కొలత: మగది భుజం దగ్గర 60 నుంచి 65 సెంటీమీటర్లు, 30 నుంచి 40 కిలోలు, ఆడది 55 నుంచి 60 సెంటీమీటర్లు, 22 నుంచి 32 కిలోలు. "మాది 55 కిలోలు, జంబో అల్సేషన్" అంటే అది గొప్ప కాదు, కీళ్ళ మీద బరువు.

ఒట్టి షెపర్డ్ అన్న మాటతోనూ జాగ్రత్త. పోలీసు జాగిలాల్లో ఇప్పుడు ఎక్కువగా పేరు వినపడే మాలిన్వా కూడా షెపర్డే, కాకపోతే బెల్జియంది. జీఎస్‌డీ (జర్మన్ షెపర్డ్ డాగ్) అంటే గొడవ లేదు. చివరి డీ అంటేనే డాగ్, అయినా "జీఎస్‌డీ డాగ్" అంటాం, ఏటీఎం మెషీన్ అన్నట్టు.

కాగితాల పిల్ల అని చెప్తే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పత్రం అడగండి. జాతి పేరు జర్మన్ షెపర్డ్ డాగ్ అని ఉండాలి, తల్లిదండ్రుల పేర్లు ఉండాలి, మైక్రోచిప్ 15 అంకెల నంబరు ఉండాలి. స్కానరు పెట్టించి పిల్ల మెడ దగ్గర చదివిన అంకెలు కాగితంతో కలిశాకే డబ్బు ఇవ్వండి. పశువుల ఆసుపత్రి టీకా కార్డులో జాతి గడిలోనూ అదే పేరు రాయించుకోండి. క్రాస్ అయితే క్రాస్ అనే రాయించండి, మొహమాటమేమీ అక్కర్లేదు. రేబిస్ టీకా ఏ జాతికైనా ఒకే మోతాదు, నట్టల మందు బరువును బట్టి. ఆ గడిలో అల్సేషన్ అని ఉన్నా షెపర్డ్ అని ఉన్నా డాక్టరు ముందు చూసేది తూకమే.