1099 ఇచ్చినంత మాత్రాన కాంట్రాక్టర్ అయిపోరండీ

జనవరి వచ్చిందంటే చాలు, ఇక్కడ న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల చిన్న వ్యాపారాలు చేసే మనవాళ్ళు ఒకటే అడుగుతారు, "వంటావిడకి 1099 ఇచ్చేస్తే సరిపోతుంది కదండీ?" అని. 1099 అంటే ఉద్యోగి కాకుండా సొంతంగా పనిచేసే కాంట్రాక్టర్‌కి ఎంత ఇచ్చారో చూపించే టాక్స్ ఫారం. వాళ్ళ లెక్కలు చూసేది నేనే కాబట్టి ముందు ఆవిడ పని ఎలా జరుగుతుందో చెప్పమంటాను.

ఒక కేటరింగ్ కిచెన్ సంగతే తీసుకోండి. శనివారం పొద్దున్నే ఆరింటికల్లా వచ్చెయ్యాలి, ఎవరిది ఏ షిఫ్టో ఓనరే ముందురోజు రాత్రి వాట్సాప్ గ్రూపులో పెడతాడు, పొయ్యి ఆయనదే గ్రైండర్ ఆయనదే, గుత్తివంకాయలో కారం ఎంత వెయ్యాలో కూడా ఆయనే చెప్తాడు, డబ్బులు గంటల లెక్కన ఇస్తాడు. ఇందులో ఆవిడ సొంత వ్యాపారం ఎక్కడుంది చెప్పండి? "ఆవిడే ఒప్పుకుని సంతకం పెట్టిందండీ" అంటారు, కానీ ఆ సంతకం ఇక్కడ చెల్లదు. న్యూజెర్సీలో ఎవరు ఉద్యోగి, ఎవరు కాంట్రాక్టర్ అని తేల్చడానికి ఏబీసీ టెస్ట్ అని మూడు షరతులున్నాయి: ఆవిడ మీద మీ అజమాయిషీ ఉండకూడదు, పని మీ అసలు వ్యాపారానికి సంబంధం లేనిదన్నా అయ్యుండాలి లేదా మీ చోటు బయటన్నా జరగాలి, ఆవిడకి విడిగా సొంత వృత్తి, వ్యాపారం నడుస్తూ ఉండాలి. ఈ మూడూ ఉన్నాయని నిరూపించుకోవాల్సింది మీరే, ఒక్కటి తప్పినా స్టేట్ లెక్కలో ఆవిడ ఉద్యోగే. ఇంత అజమాయిషీ ఉన్నప్పుడు ఉద్యోగులకిచ్చే జీతం ఫారం, డబ్ల్యూ-2 ఇవ్వాల్సిందే. మీ మెనూకి ఫొటోలు తీసిన అబ్బాయి వేరు, కెమెరా అతనిది, రేటు అతనే చెప్పాడు, బిల్లు పంపాడు, రేపు ఇంకో హోటల్‌కి వెళ్తాడు. అతనికి 1099 నిక్షేపంగా ఇవ్వొచ్చు.

ఓనర్లకి కనపడేది ఉద్యోగి జీతం మీద వాళ్ళ వాటాగా కట్టాల్సిన 7.65 శాతం టాక్సే, పెన్షన్‌కి వెళ్ళే సోషల్ సెక్యూరిటీ 6.2, పెద్దవాళ్ళ వైద్యానికి వెళ్ళే మెడికేర్ 1.45, అది మిగులుతుంది కదా అని. అది మిగలట్లేదండీ, ఆవిడ నెత్తినే పడుతోంది. ఏడాదికి 20,000 డాలర్లు వచ్చే మనిషికి డబ్ల్యూ-2 అయితే ఈ రెంటికీ కలిపి 1,530 కట్ అవుతాయి, అదే 1099 అయితే ఖర్చులేవీ చూపించకపోతే ఓనర్ వాటా, ఆవిడ వాటా రెండూ ఆవిడే కట్టే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్సే 2,800 దాటుతుంది, ఏప్రిల్‌లో ఒక్కసారిగా కట్టమంటే ఎక్కణ్ణించి తెస్తుంది? పైగా మరిగే నూనె చేతిమీద పడిందనుకోండి, ఉద్యోగి అయితే పనిలో దెబ్బ తగిలితే ఇచ్చే ఇన్సూరెన్స్, వర్కర్స్ కాంప్ చూసుకుంటుంది, సిక్ లీవ్ ఉంటుంది, కాంట్రాక్టర్ అని రాసేస్తే హాస్పిటల్ బిల్లు పట్టుకుని దానికోసం కొట్లాడాల్సిందే. హెచ్4 ఈఏడీ, అంటే భర్త హెచ్1 వీసా మీద వచ్చిన వర్క్ పర్మిట్‌తో మొదటిసారి పనికొచ్చిన ఆడవాళ్ళకి ఇవేవీ ఎవరూ చెప్పరు, నాకు నిజంగా బాధేసేది అక్కడే.

ఎటూ తేలకపోతే ఎస్ఎస్-8 ఫారం పంపితే ఫెడరల్ టాక్సుల వరకు ఆ టాక్సులు చూసే ఐఆర్ఎస్సే ఉద్యోగా కాంట్రాక్టరా తేల్చి చెప్తుంది, అది పనిచేసేవాళ్ళు కూడా పంపొచ్చు, గుర్తుపెట్టుకోండి. ఇన్నాళ్ళూ 1099లు సరిగ్గా ఫైల్ చేస్తూ వచ్చి ఇప్పుడు మార్చుకుందామనుకునే ఓనర్లకి 8952 ఫారంతో ఒక సెటిల్‌మెంట్ దారి ఉంది, అర్హత ఉంటే పాతవాటికి కట్టేది బాగా తగ్గుతుంది, వడ్డీ పెనాల్టీ ఉండవు. స్టేట్‌ది మాత్రం వేరే లెక్క, దానికి ఆడిట్ నోటీసు వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే మీ సీపీఏతో, అంటే లైసెన్సున్న అకౌంటెంట్‌తో కూర్చోండి.