పటం అంచులు కత్తిరించకండి: నా అనుభవం

నిన్న రాత్రి పదకొండు గంటలకు, పాత పటంలోని మా బరంపురం నేటి పటం మీద తన చోటికి తాను వచ్చి కూర్చుంది. అంతకు ముందు మూడు వారాలు నన్ను ఏడిపించింది. ఆ సంతోషం చల్లారకముందే రాస్తున్నాను.

ఇక్కడి తెలుగు బడిలో 34 ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. మా నాయనమ్మ పుట్టిల్లు ఈ ఊళ్ళోనే ఒక చెరువు గట్టు మీద ఉండేదట. ఆ చెరువు ఎక్కడుండేదో ఇప్పుడు ఇంట్లో ఎవరికీ తెలియదు. దాన్ని వెతుక్కుంటూనే ఆన్‌లైన్ పటాల దారి పట్టాను.

మొదటి అడుగులు తేలికే. గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలున్నాయి కానీ అవి కొన్ని దశాబ్దాలకు మించి వెనక్కి వెళ్ళవు. ఇస్రో వారి పటాల సైటు భువన్ కూడా అంతే. టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఉచితంగా ఉంచిన అమెరికా సైన్యపు పటాలు 1950ల నాటివి. వాటిలో మన ఊరు బొటనవేలి గోరంత. సర్వే ఆఫ్ ఇండియా 74ఏ/15 షీటులో బరంపురం, గోపాల్‌పూర్ రెండూ వస్తాయి. ఇప్పటి ఊరు చూసుకోవడానికి అది చాలు.

నాకు కావలసింది అంతకన్నా పాతది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా మన ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. కాబట్టి మన ఊరి పాత పటం మన ఊళ్ళో దొరకదు. పేరు చెప్పను కానీ, ఒక కార్యాలయానికి రుసుము కట్టి, నాలుగు ఉత్తరాలు రాస్తే, అంగుళానికి ఒక మైలు లెక్కన గీసిన పటం స్కాన్ పంపారు. అందులో రైలు మార్గం లేదు. మన తీరం వెంబడి రైలు పట్టాలు పడింది 1893-96 మధ్య కాబట్టి పటం అంతకు ముందుదని తేల్చుకున్నాను. భంజనగర్ అందులో ఇంకా రసెల్‌కొండే. ఋషికుల్య ఒడ్డున గంజాం కోట ఉంది. 1815 నాటి జ్వరాలకు ఆ ఊరు పాడుబడితేనే కచేరీలు అక్కడి నుంచి తరలాయి. ఇవన్నీ పాఠంగా చెప్పినదాన్నే, అయినా పటంలో కంటితో చూస్తే ఒళ్ళు పులకరించింది.

ఇక ఈ పాత పటాన్ని నేటి పటం మీద పరచాలి. మ్యాప్ వార్పర్ అనే ఆన్‌లైన్ పరికరంలో స్కాన్ ఎక్కించి, పాత పటంలోని కొన్ని బిందువులకు నేటి స్థానాలు చూపిస్తే అది సాగదీసి అతికిస్తుంది. పటం మీద అక్షాంశ రేఖాంశాల గీతలు అచ్చయి ఉన్నాయి కదా, అవి కలిసే చోట్లు ఆరు తీసుకుని అంకెలు టైపు చేశాను. లోపం ఎంతో ఆ పరికరమే లెక్కకట్టి చూపిస్తుంది. దాదాపు సున్నా అని వచ్చింది. పొంగిపోయాను.

ఆ ఆదివారం తెలుగువాళ్ళం కలిసే గదిలో తెర మీద అందరికీ చూపించాను. పాత పటాన్ని పలచన చేస్తూ జరిపేసరికి గోపాల్‌పూర్ బంగాళాఖాతంలో తేలింది. బరంపురం వీధులు తూర్పున పొలాల్లోకి పోయాయి. వెనక వరసలో ఒక ఇంజనీరు లేచి, "టీచరుగారూ, గోపాల్‌పూర్‌ను ముంచేశారండీ! నిమిషాలను దశాంశాల్లోకి మార్చడం మీకు వచ్చినట్టు లేదు" అన్నారు. గది అంతా నవ్వింది. నా దగ్గర చదువుకున్న పిల్లలు కూడా నవ్వారు. నిమిషాలను అరవైతో భాగించడం వాళ్ళకు నేర్పినదాన్ని నేనే.

ఆ రాత్రి అన్నం సహించలేదు. తర్వాత మూడు సార్లు మొదటి నుంచి చేశాను. బిందువులు ఆరు కాదు, పన్నెండు తీసుకున్నాను. లోపం మళ్ళీ సున్నాకు దగ్గరే. ఊరు మళ్ళీ సముద్రం వైపే. లెక్క సరిపోతోంది, ఊరు తప్పుతోంది! మా మేనల్లుడు "అత్తా, పటమే తప్పేమో, వదిలేయ్" అన్నాడు. ఊళ్ళను కాలినడకన గొలుసులు పట్టి కొలిచినవాళ్ళు గోపాల్‌పూర్‌ను నీళ్ళలో పెడతారంటే నేను నమ్మను.

చివరికి మా వీధి చివర ఉండే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. సర్వే శాఖలో భూములు కొలిచే అమీనుగా పనిచేసిన మనిషి, ఎనభై దాటాయి. చూడగానే ఆయన అడిగింది ఒక్కటే. "అమ్మా, అన్నీ ఒకే వైపుకు, ఒకే దూరం జరిగాయంటే తప్పు నీ చేతిది కాదు. పటం అంచు ఏది?"

అంచు లేదు. స్కాన్ చేసినవాళ్ళు చుట్టూ తెల్ల కాగితమే కదా అని కత్తిరించేశారు.

అదే వరుసలోని మరో షీటును ఒక విదేశీ గ్రంథాలయపు సంగ్రహంలో పట్టుకున్నాం. దాని అడుగున సన్నని అక్షరాల్లో ఒక సూచన ఉంది: రేఖాంశాల్లో 2 నిమిషాల 27 సెకన్లు తగ్గించుకోవాలని. ఆ పెద్దాయనే విడమరిచి చెప్పారు. బ్రిటిష్ సర్వే అధికారి లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర దేశపు కొలత మొదలుపెట్టినప్పటి నుంచి పటాల రేఖాంశాలకు మద్రాసు నక్షత్రశాలే మూలం. దాని రేఖాంశం నిజానికి ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువని తర్వాత తేలింది. అప్పటికి అచ్చయిన పటాలన్నీ ఆ తేడాను మోస్తున్నాయి. మన దగ్గర రేఖాంశంలో ఒక నిమిషం అంటే సుమారు 1.75 కిలోమీటర్లు. హెచ్చవేస్తే 4.3 కిలోమీటర్లు తూర్పుకు. గోపాల్‌పూర్ మునిగింది సరిగ్గా అంతే దూరంలో.

కాబట్టి మీరెవరైనా ఈ పనికి దిగితే అచ్చయిన అంకెలను గుడ్డిగా నమ్మకండి. పాత గుడి, కోట బురుజు, చెరువు గట్టు మలుపు వంటి కదలనివాటితో సరిచూసుకోండి. నది మొగను మాత్రం తీసుకోకండి. ఋషికుల్య మొగ ఇసుక మేటలతో చోటు మారుతూనే ఉంటుంది. పటాలు స్కాన్ చేసే ఉద్యోగులకు ఒక మాట: అంచుల్లో ఉన్నది ఖాళీ కాగితం కాదు. మీ కత్తెర ఒక్కసారి ఆడితే నేను మూడు వారాలు తలెత్తుకోలేకపోయాను. అంచులతో సహా మళ్ళీ పంపమని ఆ కార్యాలయానికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాస్తాను.

నిన్న రాత్రి రేఖాంశాలు సరిచేసి పరిచాను. గోపాల్‌పూర్ ఒడ్డుకు చేరింది. పాత పటాన్ని మెల్లగా పలచన చేస్తుంటే, నేను రోజూ కూరగాయలకు వెళ్ళే కాలనీ కింద నుంచి చెరువు తేలింది. గట్టు ఉత్తరం వైపున ఉంది. తెల్లవారగానే వెళ్ళాను. గట్టు ఉండాల్సిన చోట ఇప్పుడు మందుల దుకాణం. దాని ముందు రోడ్డు ఒక జానెడు ఎత్తెక్కి దిగుతుంది. ఇన్నేళ్ళూ అక్కడ రిక్షావాళ్ళు దిగి నెట్టడం చూశాను.