ఛాసిస్ నంబరు మీద పెన్సిల్ ముద్ర

మా నాన్నగారు ఆర్టీసీ వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళకు పైగా మెకానిక్కుగా పనిచేసి రిటైరయ్యారు. మా అబ్బాయికి పన్నెండేళ్ళు. పుట్టిందీ పెరుగుతున్నదీ ఇంగ్లండ్ దక్షిణ తీరానికి దగ్గరలోని ఒక చిన్న ఊరిలో. మొన్నమొన్నటిదాకా వీళ్ళిద్దరూ ఒక గదిలో కూర్చుంటే "తిన్నావా", "బాగున్నావా", "చలిగా ఉందా" అన్న మూడు ప్రశ్నలతో మాట అయిపోయేది. వాడికి తెలుగు అర్థమవుతుంది గాని జవాబు ఇంగ్లీషులో వస్తుంది. ఆయనకు ఇంగ్లీషు అర్థమవుతుంది గాని మనవడి యాస అందదు. నాలుగేళ్ళపాటు ప్రతి శనివారం తెలుగు తరగతికి తీసుకెళ్ళాను. గుణింతాలు వచ్చాయి, రెండు పద్యాలు వచ్చాయి, మాట మాత్రం రాలేదు. అటువంటిది ఈ డిసెంబరులో హైదరాబాదు వచ్చినప్పుడు, విద్యానగర్‌లోని మా ఇంటి వెనక వరండాలో తాతామనవళ్ళు పొద్దుటి చాయ్ మొదలు మధ్యాహ్న భోజనం దాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ మాటలకు మూలం అంతకు మూడు నెలల ముందు, నాన్నగారు మా ఇంటికి వచ్చినప్పుడు, మేము ముగ్గురం చూసిన పాత రేసు కార్ల పండుగ.

గుడ్‌వుడ్ అనే ఆ చోటు చిచెస్టర్ పట్టణానికి దగ్గరలో ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో అది యుద్ధవిమానాల స్థావరం. యుద్ధం ముగిశాక విమానాశ్రయం చుట్టూ ఉన్న దారినే రేసు ట్రాకుగా మార్చి 1948లో పోటీలు మొదలుపెట్టారు. 1966లో అవి ఆగిపోయాయి. 1998లో, తొలి పోటీ జరిగి సరిగ్గా యాభై ఏళ్ళయిన రోజున, ఆ ట్రాకును మళ్ళీ తెరిచి, ఆనాటి కార్లతోనే ఏటా సెప్టెంబరులో మూడు రోజుల పోటీలు జరుపుతున్నారు. చూడవచ్చేవాళ్ళు కూడా ఆ కాలపు దుస్తులు వేసుకుని రావడం అక్కడి ఆనవాయితీ. ఇక్కడే మాకు మొదటి చిక్కు వచ్చింది. నాన్నగారు తన పాత ఖాకీ చొక్కాను పెట్టెలో పెట్టుకుని మరీ తెచ్చుకున్నారు. ఆర్టీసీలో చేరింది 1974లో కాబట్టి అది చెల్లదని మావాడు తీర్పు చెప్పాడు. ఆయన వినలేదు. నేను మా అమ్మమ్మ పెళ్ళినాటి గద్వాల చీర కట్టుకున్నాను. ఆ చీర కచ్చితంగా 1950ల నాటిదే అయినా, ట్వీడు కోట్ల మధ్య, వాయుసేన యూనిఫారాల మధ్య నేను నడుస్తుంటే ముచ్చటపడి ఫొటో అడిగినవాళ్ళందరి ముఖాల్లోనూ ఒకే ప్రశ్న కనిపించింది: ఈ బొమ్మలో ఈమె ఎక్కడిది? మావాడికీ అదే అనుమానం వచ్చినట్లుంది. "అప్పుడు ఇక్కడ మనలాంటివాళ్ళు ఉండేవాళ్ళా అమ్మా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

కార్లు బారులు తీరి నిలిచే ఆవరణలోకి అడుగుపెట్టగానే నాన్నగారు ఆగిపోయి గాలి పీల్చి, "ఆముదం" అన్నారు. నేను నమ్మలేదు. తీరా అడిగితే ఆయన చెప్పిందే నిజమయింది. ఎంత వేడిలోనైనా లోహాన్ని అంటిపెట్టుకుని ఉండే గుణం ఆముదానికి ఉండడం వల్ల ఆ కాలపు రేసు ఇంజన్లలో ఆముదం కలిసిన నూనె పోసేవారు. క్యాస్ట్రాల్ అనే పేరులోని మొదటి సగం ఆముదానికి ఇంగ్లీషు మాటే. నల్గొండ జిల్లాలో ఆముదపు చేల మధ్య పెరిగి, చిన్నప్పుడు నెలకొకసారి ముక్కు మూసి ఆముదం పట్టించుకున్న మనిషికి ఆ వాసనను ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. మావాడు మాత్రం అప్పటిదాకా ఆముదాన్ని చూసి ఎరగడు. తాతయ్య వాడికి దాన్ని వివరించిన తీరు, ముఖ్యంగా మర్నాటి పొద్దుటి ఫలితాన్ని వర్ణించిన తీరు, ఇక్కడ రాయదగినది కాదు గాని, వాడు నవ్వి నవ్వి ఆయన భుజం మీద వాలిపోవడం నేను మొదటిసారి చూశాను.

ఆ వాసన వస్తున్న వరుసలో ఈఆర్ఏ కార్లు ఉన్నాయి. 1933లో లింకన్‌షైర్‌లోని బోర్న్ అనే ఊరిలో మొదలైన ఈ కంపెనీ, రైలీ కంపెనీ ఆరు సిలిండర్ల ఇంజనుకు, గాలిని బలంగా లోపలికి నెట్టే సూపర్‌చార్జరు తగిలించి, యుద్ధానికి ముందు కట్టిన కార్లు ఇరవైకి లోపే. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క నంబరు, ఒక్కొక్క జాతకం. నూనె మరకల ఓవరాల్స్ వేసుకున్న ఒక పెద్దాయన గేరు పద్ధతిని చూపించాడు: కావలసిన గేరును ముందే చిన్న లీవరుతో ఎంచి పెట్టుకోవాలి, అది పడేది మాత్రం ఆ తరువాత పెడలు తొక్కినప్పుడే. నాన్నగారు చేతులతోనే ప్రశ్నలు అడిగారు, ఆయన చేతులతోనే చెప్పాడు. మధ్యలో నా అనువాదం ఇద్దరికీ అడ్డమే అయింది. చివరకు ఆ పెద్దాయన మా ముగ్గురి వంక చూసి, హనుమాన్ గురించి తెలుసా అని అడిగాడు.

అలా తెలిసింది బీరా కథ. సయాం, అంటే నేటి థాయిలాండ్, రాజవంశానికి చెందిన ఈ యువరాజు 1914లో పుట్టి, 1927లో, అంటే సుమారు మావాడి వయసులో, చదువు కోసం ఇంగ్లండ్ చేరాడు. ఇరవై ఒకటో పుట్టినరోజుకు దాయాది అన్న చుల యువరాజు ఆయనకు ఒక ఈఆర్ఏ కారును బహుమతిగా ఇచ్చాడు. దానికి రోములస్ అని, తరువాత కొన్నదానికి రెమస్ అని రోము పురాణంలోని కవలల పేర్లు పెట్టారు. 1938 సీజనుకు వచ్చిన ఆర్ 12 సి అనే మూడో ఈఆర్ఏకి మాత్రం హనుమాన్ అని పేరు పెట్టి, పక్కన హనుమంతుడి వెండి ముద్రను బిగించారు. లేత నీలం కార్లు, పసుపు చక్రాలు, జట్టు పేరు తెల్ల ఎలుక. యుద్ధం తరువాత 1951లో ఇదే గుడ్‌వుడ్‌లో రిచ్‌మండ్ ట్రోఫీ గెలిచినవాడు కూడా బీరాయే. అప్పుడు నడిపింది మాసెరాటి. మావాడు ఆ రాత్రి ఒక నోటుపుస్తకం తెరిచి మొదటి పేజీలో హనుమాన్ అని రాసుకున్నాడు. తెలుగులోనే రాసుకున్నాడు, నేను చెప్పలేదు.

డిసెంబరులో ఆ నోటుపుస్తకం హైదరాబాదు వచ్చింది. బీరా పూర్తి పేరు బీరబొంగ్సె భానుదేజ్ అని వాడు చదివితే నాన్నగారు ఒక్క క్షణం ఆలోచించి, "వీరవంశ భానుతేజ. మన పక్కింటి పిల్లగాని పేరు గూడ భానుతేజనే" అన్నారు. అక్కడి నుంచి ఆ యువరాజు మా ఇంట్లో చుట్టమైపోయాడు. కారుకు హనుమంతుడి పేరంటే మా అమ్మకు వింతే కనిపించలేదు. ఈ ఊళ్ళో కొత్త బండి కొన్నవాళ్ళలో ఎంతోమంది తాడ్‌బండ్ హనుమంతుడి గుడి ముందు దాన్ని నిలిపి, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాకే ఇంటికి తీసుకెళతారు. ఎలుక పేరు కూడా మంచిదే, వినాయకుడి వాహనం గదా అంది. అయితే థాయి రామాయణంలో హనుమంతుడికి పెళ్ళిళ్ళూ పిల్లలూ ఉన్నారని మనవడు బయటపెట్టేసరికి పప్పు గిన్నె దించి మరీ వచ్చింది. కొంతసేపటికి తనే, "మనకు మాత్రం సువర్చల లేదా?" అని సర్దుకుంది. నేను శనివారాలు కష్టపడి నేర్పించిన రామాయణంలో సువర్చల లేదు. ఎందుకు చెప్పలేదని మావాడు నన్ను నిలదీశాడు.

అసలు చిక్కు హనుమాన్ జాతకంలోనే ఉంది. 1939లో ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో ఆ కారు బాగా దెబ్బతిన్నది. దాన్ని కొత్త ఛాసిస్, అంటే అడుగు చట్రం, మీద తిరిగి కట్టారు. కొన్ని దశాబ్దాలకు, దెబ్బతిన్న పాత ఛాసిస్ దొరికితే దాని ఆధారంగా మరో కారును నిలబెట్టారు. ఇప్పుడు ఏది హనుమాన్? ఆగకుండా చేతులు మారుతూ పరుగెత్తినదా, లేక బీరా కూర్చున్న నాటి ఇనుము ఉన్నదా? పాత రేసు కార్ల లోకంలో ఇటువంటి తగాదాలు లెక్కలేనన్ని. ఇంజను ఒకదానిలోంచి ఒకదానిలోకి పోతుంది, నంబరు పలక ఊడి వేరేదానికి ఎక్కుతుంది, ఫ్యాక్టరీలే అవసరానికి నంబర్లు మార్చేస్తాయి.

నాన్నగారికి ఇందులో తగాదా ఏముందో అర్థం కాలేదు. ఆర్టీసీలో ఒక బస్సు ఇంజను చెడితే దాన్ని బాగుచేసేదాకా బస్సును కూర్చోబెట్టరు. సిద్ధంగా ఉన్న మరో ఇంజను ఎక్కించి పంపేస్తారు, బాగైన పాత ఇంజను ఇంకో బస్సుకు పోతుంది. బాడీ తుప్పుపడితే కొత్త బాడీ కడతారు. "ఇంజన్ మారినా బాడీ మారినా కాగితాలు ఛాసిస్ తోటే పోతయి బిడ్డా. కని డ్రైవరును అడుగు, బండి ఏదో ఆయన చెప్తడు, చప్పుడు విని" అన్నారు. అలా అయితే రెండు జవాబులయ్యాయి గదా అని మావాడు పట్టుకున్నాడు. ఆ రోజంతా వాళ్ళు దాని మీదే ఉన్నారు. మధ్యలో నేను కల్పించుకుని, ఇంగ్లండ్‌లో "మీరు అసలు ఎక్కడివాళ్ళు" అని బడిలో అడిగేవాళ్ళకూ, ఇక్కడ "మీరు ఏ దేశం నుంచి వచ్చారు" అని అడిగే ఆటోడ్రైవర్లకూ ముడిపెట్టి ఒక పాఠం చెప్పబోయి, నోరు మూసుకున్నాను. వాడికి ఇప్పటికే నా పాఠాలు ఎక్కువయ్యాయి.

తాతయ్య వాడిని మొదట తీసుకెళ్ళింది ముషీరాబాద్‌లోని ఆర్టీసీ ప్రధాన కార్యాలయం బస్ భవన్‌కు. నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా 1932లో రోడ్డు రవాణా శాఖ మొదలైనప్పుడు ఉన్నవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి దక్కన్ క్వీన్ అనే పేరుతో ఇంకా నిలిచి ఉంది. దాని నంబరులోని హెచ్‌వైజడ్ అక్షరాలలో చివరిది ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు నుంచి వచ్చిందని చెబుతారు. ఆల్బియన్ స్కాట్లండ్ కంపెనీ అని మనవడు తాతకు చెప్పాడు, జహ్రా బేగం ఎవరో తాత మనవడికి చెప్పారు.

మర్నాడు నిజాముల చౌమహల్లా ప్యాలెస్‌కు నేను తీసుకెళ్ళాను. పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది అక్కడ. తెప్పించుకున్న ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అది చేతికి రాకముందే 1911లో కన్నుమూశారు. అందమైన కారే. కాని గుడ్‌వుడ్‌లో కోట్ల విలువైన కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ, సొట్టలు పడుతూ పరుగెత్తడం చూసిన పిల్లవాడికి కదలని కారు ఐదు నిమిషాలకు మించి పట్టలేదు. నాకు కొంచెం బాధ కలిగింది, ఎందుకంటే మన సంస్కృతి అని నేను వాడికి చూపించినవన్నీ దాదాపు ఈ మాదిరివే. తిరుగుదారిలో ఎన్టీఆర్ మార్గ్ మీద, 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ విద్యుత్తు కార్ల పోటీ జరిగిన చోటును చూపించాను. తాతయ్యకు గుర్తున్నది ఆ రోజుల ట్రాఫిక్ ఒక్కటే.

యాభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేవీ లేకుండా ఉన్న బండ్లను మన దేశంలో 2021 నుంచి వింటేజ్ వాహనాలుగా వేరే నమోదు చేస్తున్నారు, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. అది చదివిన మావాడు తాతయ్యకు వీఏ నంబరు రాయవచ్చా అని అడిగాడు. మోకాలు మార్పించుకున్నాను కాబట్టి కుదరదు అన్నారాయన.

వెనక వరండాలో గోనెసంచుల కింద మా పాత స్కూటరు ఉంది. నేను బడికి వెళ్ళింది దాని ముందు నిలబడే. రేపు తిరుగు ప్రయాణం అనగా తాతయ్య సంచులు తీసి, నంబరు చెక్కిన చోటును గుడ్డతో తుడిచి, తెల్లకాగితం అంటించి, పెన్సిలును పడుకోబెట్టి రుద్దడం చూపించారు. ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళిన ఎవరికైనా తెలిసిన పనే అది, ఛాసిస్ ప్రింటు తీయడం. కాగితం మీద అంకెలు ఒక్కొక్కటే తేలుతుంటే మావాడు ఊపిరి బిగబట్టి చదివాడు: రెండు, సున్నా, తొమ్మిది. ఆ తరువాతి అంకె దగ్గర తుప్పు. మూడో ఎనిమిదో తేలలేదు.

"తాతయ్యా, గరుకు కాగితం ఉందా?" అని అడిగాడు తెలుగులో.

"గీకితే అంకె పోతది. కిరసనాయిలు పోసి రాత్రంతా నాననియ్యాలె" అని నాన్నగారు సీసా కోసం లోపలికి వెళ్ళారు. మా విమానం పొద్దున నాలుగింటికి.